కోరంగిలో రాత్రి బస ఎందుకు వద్దంటాను

మీరు ఎప్పుడైనా అడవి చూడటానికి వెళ్ళి, "జంతువులేమీ కనిపించలేదు" అని నిరుత్సాహంతో తిరిగివచ్చారా? కాకినాడ దగ్గరి కోరంగి మడ అడవులకు మొదటిసారి వెళ్ళినప్పుడు నాకూ అలాగే అనిపించింది. మిట్టమధ్యాహ్నం చేరాను. అది పోటు సమయం. చెట్ల మొదళ్ళు నీటిలో మునిగి ఉన్నాయి. చెక్క బాట మీద ఈ చివరినుంచి ఆ చివరిదాకా చకచకా నడిచి, ఒక కొంగను చూసి, అరగంటలో బయటపడ్డాను.

లోపం అడవిది కాదు, నాది. ఆ సంగతి రెండోసారి వెళ్ళినప్పుడు తెలిసింది.

కోరంగి అభయారణ్యం గోదావరి సముద్రంలో కలిసేచోట సుమారు 235 చదరపు కిలోమీటర్ల మేర విస్తరించి ఉంది. దీనిని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. ఇక్కడ దినచర్యను నిర్ణయించేది సూర్యుడొక్కడే కాదు, ఆటుపోట్లు కూడా. రెండోసారి నేను తెల్లవారుజామున, ఆటు మొదలయ్యే వేళకు వెళ్ళి ఒకేచోట కూర్చున్నాను. నీరు వెనక్కు తగ్గుతున్నకొద్దీ బురదలోనుంచి మేకుల్లా పైకి పొడుచుకువచ్చిన మడచెట్ల శ్వాసవేర్లు బయటపడ్డాయి. తర్వాత పీతలు వచ్చాయి. కొన్నింటికి ఒక డెక్క మాత్రమే చాలా పెద్దది. దాన్ని ఎవరినో పిలుస్తున్నట్లు ఊపుతాయి. బురద మీద గెంతే చిన్న చేపలను చూసి, నేను చదివిన జీవశాస్త్రాన్ని కాసేపు అనుమానించాను. వాటికోసం పిట్టలు దిగాయి. చివరకు బురదలో తాజా అడుగుజాడలు కనిపించాయి. నాతో వచ్చిన పడవవాడు వాటిని చూడగానే "బావురుపిల్లి, రాత్రి తిరిగింది" అన్నాడు. ఆ పిల్లిని నేను ఇంతవరకు చూడలేదు.

ఇక్కడే మీకొక ప్రశ్న రావాలి. బావురుపిల్లి రాత్రిపూట నీటి ఒడ్డున చేపలు పట్టే జంతువు కదా, మరి గుడారం వేసుకుని రాత్రి లోపలే ఉంటే దాన్ని చూడవచ్చు కదా? యువకులైన మన అభ్యాసకులు కొందరు నన్ను ఈ మాటే అడిగారు. అడగటంలో తప్పులేదు. కాని నా సమాధానం "వద్దు" అనే.

చట్టం సంగతి ముందు చెబుతాను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 27వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా పర్యాటకులు అభయారణ్యంలో ప్రవేశించకూడదు, బస చేయకూడదు. 30వ సెక్షన్ అడవికి ముప్పు కలిగేలా నిప్పు రాజేయడాన్ని నిషేధించింది. అయితే చట్టం ఉందని మాత్రమే నేను ఈ మాట అనడం లేదు. గుడారం వేస్తే దీపం వెలుగుతుంది, వంట జరుగుతుంది, ఎంగిలి మిగులుతుంది. ఎంగిలికి కుక్కలు వస్తాయి. కాకినాడకు ఎదురుగా ఉన్న హోప్ ఐలాండ్ ఇసుకలో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెడతాయి. రాత్రివేళ గుడ్డులోంచి వచ్చిన పిల్లలు సముద్రం మీది వెలుతురును ఆధారం చేసుకుని నీటివైపు నడుస్తాయి. ఒడ్డున లాంతరు వెలిగితే దారితప్పి అటు వస్తాయి. చూడాలనే మన ఆరాటం వాటికి ప్రాణాంతకమవుతుంది.

"రొయ్యల చెరువుల కోసం మడ అడవులు నరికినవారిని ఏమీ అనరు, ఒక్కరాత్రి గుడారానికి ఇంత పట్టింపా?" అని మీరు నిలదీయవచ్చు. న్యాయమైన ప్రశ్నే. డెల్టాలో చెరువులు చేసిన హానితో పోలిస్తే గుడారం చాలా చిన్నది. ఆ పెద్ద హానినీ ప్రశ్నించవలసిందే. కాని పిల్లి తిరిగే ఆ బురదగట్టు కూడా చిన్నదే. అక్కడ నాలుగు గుడారాలు చాలు, అది ఇంకో చోటు వెతుక్కోవడానికి.

కాబట్టి కాకినాడలోనో, దగ్గరి ఊరిలోనో బస చేయండి. చీకటితోనే లేచి బయలుదేరండి. బాట దిగి బురదలోకి వెళ్ళకండి. శ్వాసవేర్లు తొక్కితే విరుగుతాయి. తిల్లచెట్టు కొమ్మ విరవకండి. దాని పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. నీళ్ళసీసా, దుర్భిణి ఉంటే అది, ఒక నోటుపుస్తకం చాలు. గంటసేపు మాట్లాడకుండా ఉండగల స్నేహితుడు దొరికితే అతన్నీ తీసుకువెళ్ళండి. దుర్భిణి కంటే అతను దొరకడమే కష్టం.

బయలుదేరే ముందురోజు ఆటు ఎన్ని గంటలకో పడవవారిని అడిగి తెలుసుకోండి. అది ప్రతిరోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. ఈరోజు ఉదయం 6 గంటలకు ఆటు ఉంటే, మూడు రోజుల తర్వాత ఎన్ని గంటలకు ఉంటుందో మీ నోటుపుస్తకంలో లెక్కవేసి చూడండి.