పరదా ఎవరి చేతిలో ఉంది?

మేడ్చల్ హైవే పక్కన, షామీర్‌పేట రోడ్డు మీద కొత్తగా లేచిన కాలనీల్లో కిరాయికి దిగే కుటుంబాలను గమనించండి. బియ్యం డబ్బా సర్దకముందే కిటికీలకు కర్టెన్లు ఎక్కుతాయి. కర్టెన్ లేకపోతే పాత చీర, అదీ లేకపోతే దుప్పటి. ఎండ కోసం అంటారు, దుమ్ము కోసం అంటారు, అందం కోసం అంటారు. అన్నీ నిజమే. మనవాళ్ల ఇళ్లలో మాత్రం ఆ గుడ్డ ఇంకో పని కూడా చేస్తుంది. ఈ వారం దాని గురించి.

"కర్టెన్‌కి కూడా కులం అంటగడతావా అన్నా?" అని ఒక మిత్రుడు నవ్వాడు. గుడ్డకు కులం లేదు తమ్ముడూ. దాన్ని ఎప్పుడు వేయాలో, ఎప్పుడు తీయాలో చెప్పే అధికారానికి ఉంది.

తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి కాబట్టి మాట దగ్గర మొదలుపెడతాను. తెర మన మాట. పరదా ఫారసీ నుంచి వచ్చింది. కర్టెన్ ఇంగ్లీషుతో వచ్చింది. నిజాం రాజ్యంలో పరదా, ఘోషా పెద్దింటి హోదాకు గుర్తులు. దేవిడీల్లో ఆడవాళ్లు బయటివాళ్ల కంట పడకపోవడమే ఆ ఇంటి గౌరవం. ఆ ఆడవాళ్లకు అది సుఖం కాదు, బందిఖానా. ఆ సంగతి మరిచి పరదాను పొగడను. కానీ అదే కాలంలో పొలాల్లో నాట్లేసిన మన అమ్మలకు ఒంటినిండా బట్టకే దిక్కులేదు. వాళ్లను ఎవడైనా చూడొచ్చు, ఎవడైనా పిలవొచ్చు. ఒకరిని అసలు చూడకూడదని, ఇంకొకరిని ఎంతైనా చూడొచ్చని తీర్పు చెప్పింది ఒకే వ్యవస్థ.

ఇంకో విడ్డూరం చూడండి. షెడ్యూల్డ్ కులాల జాబితాలో "మాల సాలె, నేతాని" అనే పేరు ఉంటుంది. నేత మన వాడల్లోనూ ఉన్న పని. మాలలు నేసిన ముతక బట్టను ఊళ్లు కట్టుకున్నాయి. ఊరికి బట్ట నేసిన వాడలో మాత్రం గుమ్మానికి తడక, స్నానం చేసే మూలకు పాత చీర అడ్డం. బట్ట నేసినంత మాత్రాన బట్ట మీద హక్కు రాలేదు. 1928లో ఇండోర్ సంస్థానంలోని గ్రామాల్లో బలాయీలు జరీ అంచు తలపాగాలు చుట్టొద్దని, రంగు అంచుల ధోవతులు కట్టొద్దని సవర్ణులు పెట్టిన ఆంక్షలను అంబేడ్కర్ "కుల నిర్మూలన"లో నమోదు చేశారు. ఒంటి మీది బట్ట అంచుకే అనుమతి కావాల్సిన చోట గుమ్మానికి పరదా వేసుకునే మాట ఎక్కడిది?

మా అమ్మ అంటుంది: "మన తలుపు కొట్టేటోడు ఎవడుండె బిడ్డా? పటేల్ మనిషి వాకిట్ల నిలవడి పిలిస్తే ఉరుకుడే." తలుపు తట్టడమంటే లోపలివాళ్లను "రావచ్చా" అని అడగడం, పైట సర్దుకునేంత సమయం ఇవ్వడం. వెట్టికి పిలిచేవాడు అడగడు కదా.

ఆ తలుపు కథ కోర్టు దాకా వెళ్లింది. ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే వ్యక్తిని దోపిడీ కేసులో పట్టుకుని, సాక్ష్యం లేక వదిలేశారు. అయినా పోలీసులు నిఘా పెట్టి రాత్రిళ్లు ఇంటికొచ్చి తలుపు కొట్టేవారు. ఆ రాత్రి రాకలు చెల్లవని 1962లో సుప్రీంకోర్టు చెప్పింది. అదే నోటితో, గోప్యత రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదని కూడా అంది. ఆ మాట సరిదిద్దడానికి దాదాపు 55 ఏళ్లు పట్టింది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కేనన్నారు.

ఇలాంటి తీర్పులు చదువుకునే నల్సార్ లా యూనివర్సిటీ మన షామీర్‌పేటలోనే ఉంది. ఇదే నగరంలో, శివార్లలో "కార్డన్ సెర్చ్" పేరుతో పోలీసులు బస్తీని చుట్టుముట్టి, ఇల్లిల్లూ తిరిగి ఆధార్ కార్డులు, బండి కాగితాలు అడిగిన వార్తలు ఎన్ని చదివాం? నేరస్తుల్ని పట్టుకోవడానికే అంటారు. ఫలానా ఇంటి మీద అనుమానముంటే చట్టప్రకారం ఆ ఇంటికి వెళ్లండి. బస్తీ మొత్తాన్ని అనుమానించడం ఏమిటి? ఇలాంటి సోదా ఏ గేటెడ్ విల్లాల్లోనైనా జరిగిందని నేనైతే చదవలేదు. అక్కడ కర్టెన్‌కు ముందు ప్రహరీ, ప్రహరీకి ముందు సెక్యూరిటీ గార్డు. ఆ గార్డు ఉండే బస్తీకి మాత్రం ఏ అడ్డూ లేదు.

పోలీసులే కాదు. ఎన్నికలప్పుడు నాయకులు "దళితుల ఇంట్లో భోజనం" అని వస్తారు. వెంట పది కెమెరాలు. వంటగది, చినిగిన పరుపు, మూలన మందుల సంచి అన్నీ టీవీలో. ఆ ఇంటి ఆడపడుచును "తీయొచ్చా అమ్మా?" అని ఎవరైనా అడిగారా?

ఇక కిరాయి ఇళ్లకొద్దాం. "మీరేమిట్లు?" అనే ప్రశ్న అడ్వాన్సు కంటే ముందొస్తుంది. ఈ ప్రశ్న నాకూ ఎదురైంది, మీలో చాలామందికీ ఎదురై ఉంటుంది. జవాబు దాటేసి ఇల్లు సంపాదించినవాళ్లు హాల్లో అంబేడ్కర్ ఫోటో పెట్టి, ఆ కిటికీకి మందం పరదా వేస్తారు. ఆదివారం కూర వండితే కిటికీలన్నీ మూస్తారు. గుడ్డ ఫోటోను దాస్తుంది గానీ వాసనను దాచలేదు.

ఇక్కడే మన ఉద్యమ మిత్రులు కొందరు కోప్పడతారు. "దాచుకోవడం బానిసత్వం. పరదా పీకెయ్యి, ఫోటో రోడ్డుకు కనబడాలి" అంటారు. ఆ మాటలో పౌరుషం ఉంది, నాకూ ఇష్టమే. కానీ వచ్చే ఒకటో తారీఖు పిల్లల స్కూలు బ్యాగులతో రోడ్డున పడేది ఆ తల్లి, మనం కాదు. సొంతింట్లో కూర్చుని కిరాయిదారుడి ధైర్యాన్ని కొలవొద్దు. పరదా వెనక ఉన్నవాళ్లను కాదు, వాళ్లను అక్కడికి నెట్టిన ప్రశ్నను నిలదీద్దాం.

మన పిల్లకు చదువుకోవడానికి, బట్టలు మార్చుకోవడానికి, ఒంటరిగా ఏడ్వడానికి నాలుగడుగుల చాటు కావాలి. అది సోకు కాదు. అందుకే సర్కారు ఇచ్చిన 560 చదరపు అడుగుల డబుల్ బెడ్రూం ఇంట్లో ఆ రెండో గది నా దృష్టిలో చాలా పెద్ద విషయం.

కాబట్టి పోలీసులు బస్తీని కాదు, నేరాన్ని వెతకాలి. కెమెరాలు గుమ్మం బయట ఆగి అడగాలి. ఇంటి ఓనర్లు కిరాయి అడగాలి, కులం కాదు. అంతవరకూ మన ఇంటి పరదా ఎంత మందం ఉండాలో, ఏ పూట తీయాలో ఆ ఇంట్లో ఉండేవాళ్లే తేల్చుకుంటారు.

జై భీమ్.