ఆ నాణెం ఏ ఊరిది?

మొన్న ఆదివారం పొద్దున మా చందానగర్ అపార్ట్‌మెంట్‌లో పై అంతస్తు కుర్రాడు గుప్పిట మూసుకుని వచ్చాడు. "అంకుల్, దీనికి ఎన్ని లక్షలొస్తాయి?" అని గుప్పిట విప్పాడు. రాగి నాణెం! కొత్త బిందెలా మెరిసిపోతోంది. ఊళ్లో నాయనమ్మ డబ్బీలో దొరికిందట. మురికిగా ఉందని వాళ్లమ్మ చింతపండు పెట్టి బాగా తోమిందట.

ఒకవైపు నాలుగు కాళ్ల జంతువు ఉన్నట్టుంది. తల దగ్గర మాత్రం నున్నగా అరిగిపోయింది. రెండోవైపు ఏమీ కనిపించడం లేదు. "ఏ చేలో దొరికిందిరా?" అనడిగాను. వాడికి తెలీదు. చెప్పగలిగిన నాయనమ్మ లేదు.

తోమితే పోయేది మురికే కదా అనుకుంటాం. ఆ జంతువు తొండమెత్తిన ఏనుగైతే శాతవాహనుల కాలం వైపు చూడాలి. పంజా ఎత్తిన సింహమైతే 5, 6 శతాబ్దాల విష్ణుకుండినులను తలచుకోవాలి. మధ్యలో కనీసం రెండు వందల ఏళ్ల దూరం. అంత దూరాన్నీ పావుగంటలో చింతపండు తినేసింది!

పాత నాణేన్ని గుర్తుపట్టాలంటే మూడు ప్రశ్నలు వేసుకోవాలి. బొమ్మ ఏమిటి? రాత ఏమిటి? దొరికిందెక్కడ? మొదటి రెండూ నాణెం మీదే ఉంటాయి. మూడోది మాత్రం మనిషి చెప్పాలి.

వేంగీ చాళుక్యులనే తీసుకోండి. శక్తివర్మ, నన్నయ చేత భారతం రాయించిన రాజరాజనరేంద్రుడు బంగారు నాణేలు వేయించారు. పల్చటి రేకు, నడుమ వరాహం, చుట్టూ విడివిడిగా గుద్దిన అక్షరాలు. మనం 'వరహా' అనే మాటకూ మూలం వరాహమే. ఈ నాణేలు ఎక్కడ దొరికాయో తెలుసా? కొన్ని సముద్రం అవతల, బర్మాలోని అరకాన్ తీరంలోనూ, సయాంలోనూ! బొమ్మా, రాతా కలిసి వాటిని వేయించింది ఎవరో చెప్పాయి. దొరికిన చోటేమో అవి ఎంత దూరం వెళ్లాయో చెప్పింది.

ఈ చిక్కు మనకొక్కరికే కాదు. 8వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లోని మెర్సియా రాజు ఒఫా పేరుతో ఒక బంగారు నాణెం ఉంది. దాని మీదున్నది అరబ్బీ రాత! బాగ్దాద్ ఖలీఫా దీనారాన్ని చూసి చెక్కినవాడికి ఆ భాష రాదు. అందుకే మధ్యలో రాజుగారి పేరు అరబ్బీ అక్షరాలకు తలకిందులుగా పడింది. ఆ పేరే లేకపోతే అది ఇంగ్లండ్‌దని ఎవరనుకుంటారు?

మన దగ్గర గోదావరి ఒడ్డున కోటిలింగాల ఉంది. ధర్మపురికి చెందిన సంగనభట్ల నరహరి శర్మ అక్కడి నాణేలను ఓపిగ్గా సేకరించారు. శాసన పండితుడు పి.వి. పరబ్రహ్మ శాస్త్రి వాటిని చదివారు. గోబద, నారన, సమగోప వంటి పేర్లు బయటపడ్డాయి. పురాణాల రాజుల జాబితాల్లో లేని పేర్లవి. శాతవాహన వంశ మూలపురుషుడిగా చెప్పే సిముకుడి పేరు 'సిరి చిముక' అని కనిపించింది. శాతవాహనుల తొలి అడుగులు తెలంగాణలోనే పడ్డాయన్న వాదనకు ఆ నాణేలు బలమిచ్చాయి. అవే ఊరూ పేరూ లేకుండా ఏ కొట్లోనో తేలి ఉంటే? బరువు తూచి రేటు కట్టేవారు, అంతే.

అన్నట్టు, కొండాపూర్ అంటే మా వాళ్లకు పక్కనే ఉన్న ఐటీ ఆఫీసులు, ట్రాఫిక్కే గుర్తొస్తాయి. చందానగర్ నుంచి అదే ముంబై రోడ్డు పట్టుకుని సంగారెడ్డి వైపు వెళితే ఇంకో కొండాపూర్ ఉంది. 1940ల మొదట్లో గులాం యజ్దానీ తవ్వించిన ఆ దిబ్బలో శాతవాహన నాణేలు వేల సంఖ్యలో దొరికాయి. రోమన్ చక్రవర్తి అగస్టస్ బంగారు నాణెం కూడా ఉంది. అక్కడే మ్యూజియం పెట్టారు. పిల్లల్ని ఒక ఆదివారం తీసుకెళ్లండి.

మీకెక్కడైనా పాత నాణెం కనిపిస్తే దయచేసి తోమకండి. ఎక్కడ, ఎప్పుడు, ఎవరికి దొరికిందో ఒక చీటీ మీద రాసి కలిపి ఉంచండి. భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం చెబుతోంది. పాత నాణేలకు లక్షలిస్తామంటూ ముందు ఫీజు కట్టమనేవారి వలలో పడొద్దని రిజర్వ్ బ్యాంకు కూడా 2021లోనే హెచ్చరించింది.

సాయంత్రం కుర్రాడు మళ్లీ వచ్చాడు. ఈసారి నాణెంతో పాటు చేతిలో చీటీ. ఊళ్లో ఉన్న తాతకు ఫోన్ చేశాడట. "చెరువు కట్ట కింది చేను, నాగలికి తగిలింది" అని వంకర అక్షరాలతో రాసుకొచ్చాడు.

లక్షల మాట ఎత్తలేదు. "అంకుల్, అది ఏనుగా, సింహమా? ఎవరు చెబుతారు?" అన్నాడు. రాష్ట్ర వారసత్వ శాఖ వాళ్లకు చూపిద్దామన్నాను. చీటీ మాత్రం పోగొట్టకు అని చెప్పాను.