కుండ నిండా మాంసమే!

రొట్టెలు కాల్చాక పొయ్యిలో మిగిలే వేడిని ఫిన్లాండ్‌ తూర్పు అంచున ఉన్న కరేలియా ఇల్లాళ్లు వృథా పోనిచ్చేవారు కాదు. గొడ్డు, పంది, గొర్రె మాంసం ముక్కల్ని మట్టికుండలో వేసి ఉప్పు, మిరియాలు, ఉల్లిపాయ, నీళ్లు చేర్చి అందులో పెట్టేవారు. గంటల తరబడి మగ్గితే ‘కర్యాలన్‌పైస్తి’ సిద్ధం! శాకాహారం అసలే ముట్టని ‘కార్నివోర్‌ డైట్‌’ వాళ్లకీ ఈ వంటకం తేలిగ్గానే సరిపోతుంది. ఉల్లి, క్యారెట్‌, మిరియాలు తీసేసి ఉప్పు ఒక్కటే ఉంచితే చాలు. ఎముకలున్న ముక్కలు వేస్తే రసం చిక్కబడుతుంది. ఇక, పక్కన వడ్డించే బంగాళాదుంపలు, పుల్లని లింగన్‌బెర్రీలూ ఉండవు. చిక్కల్లా అక్కడే. పీచు, సి విటమిన్‌ అందేది వాటినుంచే మరి! అందుకే మధుమేహానికి మందులు వాడేవాళ్లూ కిడ్నీ సమస్యలున్నవాళ్లూ డాక్టర్ని అడిగాకే కుండ పొయ్యిలో పెట్టడం మంచిది.