గృహవిజ్ఞానము: ఈ-మెయిలును, దాని తాళపుచెవియు



బ్యాంకులో ఖాతా తెఱచునపుడును, బిడ్డను కళాశాలలో చేర్చునపుడును, పాస్‌పోర్టునకు దరఖాస్తు పెట్టుకొనునపుడును నేడు మనల నడుగు ప్రశ్న యొకటి కలదు: "మీ ఈ-మెయిలు విలాసమేమి?" దీనికి మన యిండ్లలో పెక్కుమంది స్త్రీలు "మావారిది వ్రాసికొనుడు" అనియో, "మా అబ్బాయిని అడిగి చెప్పెదను" అనియో బదులు చెప్పుదురు. చక్కగా చదువను వ్రాయను నేర్చినవారు సైతము ఈ యుత్తరముల పెట్టె తమది కాదని తలంచుట విచారకరము. కావున ఈ నెల ఈ-మెయిలనగా నేమో, అది యెట్లు నడచునో, దాని తాళపుచెవి గృహిణి చేతనే యేల యుండవలయునో వివరింతుము.

ఈ-మెయిలు కంప్యూటరునుండి కంప్యూటరునకు పోవు జాబు. మన చేతిలోని ఫోనును ఒక చిన్న కంప్యూటరే. "ఈ" యనునది "ఎలక్ట్రానిక్" అను మాటకు పొడియక్షరము. టెలిఫోనులో మాటాడవలెనన్న అవతలివారు ఆ క్షణమున అందుబాటున నుండవలయును. టెలిగ్రామునకు మాటల లెక్కను బట్టి రుసుము చెల్లింపవలసి యుండెడిది. మన దేశమున ఆ సేవయు 2013 జూలైలో ముగిసినది. ఈ-మెయిలునకు ఈ రెండు నిర్బంధములును లేవు. ఎంత దీర్ఘముగా వ్రాసినను సరియే. అందుకొనువారు నిద్రించుచున్నను, వంటయింట నున్నను, జాబు వారి పెట్టెలో పడి వేచియుండును.

దీని పుట్టుక అంత ప్రాచీనము కాదు. ఒకే కంప్యూటరును వాడుకొనువారు అందులోనే యొకరికొకరు చీటీలు వ్రాసి పెట్టుకొను పద్ధతి మొదట నుండెను. 1971లో అమెరికాయందలి కేంబ్రిడ్జి పట్టణమున రే టామ్లిన్‌సన్ అను ఇంజనీరు, ఆర్పానెట్టు అను కంప్యూటర్ల జాలము ద్వారా, ఒక యంత్రమునుండి మఱియొక యంత్రమునకు చీటీ పంపెను. ఆ రెండును ఒకదాని ప్రక్క నొకటి యున్నవే! మనుష్యుని పేరును యంత్రము పేరును వేఱుపఱచుటకు ఆయన "ఎట్" అను గుర్తును గ్రహించెను. ఇంగ్లీషు "ఎ" అక్షరము తన తోకను తన చుట్టు చుట్టుకొన్నట్లు ఇది యుండును. "ఒక్కొక్కటి యింత ధర చొప్పున" అనుటకు ఇంగ్లీషు వర్తకులు లెక్కలలో దీనిని వాడెడివారు. మనుష్యుల పేర్లలో ఇది రాదు గనుక ఆయనకు అనుకూలమయ్యెను.

ఈ చరిత్రలో స్త్రీలకును భాగము కలదు. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డు పరిశోధనాసంస్థలో ఎలిజబెత్ ఫైన్లర్ అను నామె 1972 మొదలుకొని పెక్కు సంవత్సరములు ఆ జాలమునకు సంబంధించిన సమాచార కార్యాలయమును నడిపెను. యంత్రముల పేర్ల పట్టికను కాపాడినది ఆ కార్యాలయమే. నేడు విలాసముల చివర కనబడు "కామ్", "ఆర్గ్" వంటి తోకలను ఏర్పఱచుటలో ఆమె బృందము పాలుగొన్నది.

ఇక జాబు నడచు విధము చూతము. గుంటూరులోని తల్లి హ్యూస్టనులోని కూతునకు వ్రాసినదనుకొందము. విలాసమున "ఎట్" గుర్తునకు ముందున్నది కూతురి పెట్టె పేరు. తరువాత నున్నది ఆ పెట్టె గల తపాలాయింటి పేరు. తల్లి "పంపు" అను మీట నొక్కగనే జాబు తిన్నగా కూతురి ఫోనునకు పోదు. మొదట తల్లికి పెట్టె నిచ్చిన సంస్థవారి కంప్యూటరునకు చేరును. ఇట్టి కంప్యూటరును సర్వరు అందురు. రేయింబవళ్లు తెఱచియుండు తపాలా కచేరి యనుకొనవచ్చును. అది "ఎట్" తరువాతి పేరును పట్టికలో వెదకి, కూతురి పెట్టె గల సర్వరేదో తెలిసికొని, దానిని పిలుచును.

ఆ రెండు యంత్రముల సంభాషణ వినదగినది. మొదట పలకరింపు: 1982లో ఏర్పడిన నియమములలో అది నిజముగా "హెలో" యను మాటయే. పిదప "ఈ జాబు ఫలానావారి యొద్దనుండి" యని చెప్పును. అవతలనుండి "సరే" యని వచ్చును. "ఫలానావారికి" అనును, అట్టి పెట్టె యున్నచో మరల "సరే" యని వచ్చును. అటుపిమ్మట జాబంతయు అప్పగించి, కడపట ఒక వరుసలో చుక్క నొక్కదానిని మాత్రము పెట్టును. ఆ చుక్కకు "సమాప్తము" అని అర్థము. సాధారణముగా ఇదంతయు కొలది క్షణములలో ముగియును. అవతలి సర్వరు పలుకనిచో ఇవతలిది జాబును దాచియుంచి, కొన్ని దినములు మరల మరల ప్రయత్నించి, అప్పటికిని కాకున్న వ్రాసినవారికి ఆ సంగతి తెలుపును. మన వీధి పోస్టుమాను విలాసము తప్పినను ఇల్లు గుర్తుపట్టి జాబిచ్చును. ఇచట అట్టి దయ లేదు. ఒక్క యక్షరము తప్పినను జాబు చేరదు, లేదా మఱియొకరికి చేరును.

తొలినాళ్ల నియమములు ఇంగ్లీషు అక్షరములకు మాత్రమే సరిపోయెడివి. అందుచే 1990 ప్రాంతమున అమెరికాలోని తెలుగువారు తెలుగు మాటలనే ఇంగ్లీషు లిపిలో వ్రాసికొనుచుండిరి. 1992లో వెలువడిన నియమములవలన ఇతర లిపులును, ఛాయాచిత్రములును, పాటలును జాబుతో పంపుటకు మార్గమేర్పడెను. నేడు తెలుగులోనే హాయిగా వ్రాసికొనవచ్చును.

పైన చెప్పిన సంభాషణలో ఒక లోపము కలదు. "ఫలానావారి యొద్దనుండి" యన్న మాట నిజమా యని తొలి నియమములు విచారింపవు. కవరు వెనుక ఎవరి పేరైనను ఎవరైనను వ్రాయవచ్చును గదా! తరువాత నిజమైన జాబును గుర్తించుటకు ముద్రలవంటి పరీక్షలు కల్పించిరి; మోసము తగ్గినదే కాని పోలేదు. కావున బ్యాంకు పేరు కనబడినంతనే నమ్మరాదు. "ఎట్" తరువాత నున్న పేరును అక్షరమక్షరముగా చూడుడు. "నేడే ఖాతా మూయబడును, ఇచట నొక్కుడు" అని తొందరపెట్టు జాబును మూసివేసి, బ్యాంకు పుస్తకముపై నున్న సంఖ్యకు మీరే ఫోను చేసి కనుగొనుడు. మోసపోయి సొమ్ము పోయినచో ఆలసింపక 1930 అను సంఖ్యకు ఫోను చేసి ఫిర్యాదు చేయవచ్చును.

ఇక తాళపుచెవి. పెట్టె తెఱచు రహస్యపు మాటను పాస్‌వర్డు అందురు. బ్యాంకునకు, కళాశాలకు, అంగడికి వేర్వేఱు పాస్‌వర్డులుండును. వానిలో నొకటి మఱచితిమని తెలిపినచో, క్రొత్తది పెట్టుకొను దారి తఱచుగా ఈ-మెయిలు పెట్టెకే వచ్చును. అనగా ఈ పెట్టె యింటి తాళపుచెవులన్నియు వ్రేలాడు కొక్కెము. అది పరులచేత నున్నచో మిగిలిన తాళములన్నియు వారిచేత నున్నట్లే. దరఖాస్తు నింపిన దుకాణమువాడు తన ఫోను సంఖ్యతో పెట్టె తెఱచి యిచ్చిన, రెండేండ్లకు ఉద్యోగపు పిలుపు వచ్చినపుడు ఆ పిల్ల దానిని చూడజాలదు. ఇంటి యజమాని అకస్మాత్తుగా గతించినపుడు, భీమా కాగితములు ఆయన పెట్టెలో నుండియు, ఇల్లాలు వానిని తీయజాలక కచేరీల చుట్టు తిరుగవలసివచ్చును.

మన తల్లులు తాళపుచెవుల గుత్తి కొంగున కట్టుకొనుట భర్తపై అపనమ్మకమువలన కాదు, అది గృహనిర్వహణము. ఇదియు నట్టిదే. పెట్టె మీ పేర, మీ సొంత ఫోను సంఖ్యతో తెఱువుడు. పాస్‌వర్డునకు బిడ్డ పేరును, పెండ్లి తేదియు పెట్టవలదు. సంబంధము లేని నాలుగైదు మాటలు కూర్చుడు. దానిని మఱియొక చోట వాడవలదు. ఫోనునకు సంకేతము వచ్చు రెండవ తాళమును కూడ వేయుడు. లేకున్న తాళము వేసి గొళ్లెము మఱచినట్లగును. మఱపు భయమున్నచో ఒక పుస్తకమున వ్రాసి నగలున్న బీరువాలో నుంచుడు. భార్యాభర్తలు ఆ పుస్తకమున్న చోటు ఒకరికొకరు చెప్పుకొనుడు.

పెట్టె తెఱచిన దినముననే పుట్టినింటివారికి తెలుగున ఒక జాబు వ్రాయుడు. బదులు వచ్చినచో పెట్టె చక్కగా నున్నదని తెలియును. వారికిని సంతోషము కలుగును.