ఎక్స్‌రే బాగుంటే రోగం లేనట్టేనా?
నాట్లు వేసే, రోడ్లు ఊడ్చే దళిత మహిళలు భుజం నొప్పి అంటే ‘పని నొప్పి’ అని మాత్రలిచ్చి పంపేస్తుంటారు. ఉదయం గంటల తరబడి భుజాలు బిగుసుకుపోయి, వేళ్ల కణుపులు కూడా వాస్తే అది రుమటాయిడ్ ఆర్థరైటిస్ కావచ్చు. ఈ జబ్బు మగవాళ్ల కంటే ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ.

తొలి నెలల్లో ఎక్స్‌రే మామూలుగానే కనిపించవచ్చు. కీలు పొర వాపును అల్ట్రాసౌండ్, ఎంఆర్ఐ ముందే పట్టిస్తాయి. 2010 అంతర్జాతీయ ప్రమాణాలు కూడా వాచిన కీళ్లు, రక్తపరీక్షలు, నొప్పి మొదలైన కాలం చూసి తేల్చమన్నాయి. ఎముక దెబ్బతినేదాకా ఆగమనలేదు. వారానికోసారి వేసుకునే మెథోట్రెక్సేట్ ఖరీదైన మందూ కాదు.

భూమి లేనివాళ్లకు చెయ్యి లేవకపోతే కూలి పోయినట్టే. జిల్లా ఆసుపత్రుల్లో కీళ్ల స్కానింగ్ ఉచితంగా కావాలనడం హక్కుల డిమాండే.