జాడ తీసే లెక్క, జవాబు చెప్పని లెక్క: జి.మాడుగుల మన్యంలో విద్యార్థి ప్రగతి దత్తాంశం

ప్రవేశిక

బడిలో పేరు నమోదైన నాటి నుంచి పట్టా చేతికి వచ్చే నాటి వరకు విద్యార్థి వేసే ప్రతి అడుగునూ ఒకే దత్తాంశ నిధిలో నిక్షిప్తం చేస్తే, చదువు మధ్యలో ఆగిపోయేవారిని ముందుగానే గుర్తించి నిలబెట్టవచ్చునన్నది నేటి విద్యాపరిపాలనలో స్థిరపడిన విశ్వాసం. ఈ విశ్వాసం మీద ఇప్పటికే పెద్ద నిర్మాణం లేచింది. యూడైస్ ప్లస్ వ్యవస్థ 2022–23 నుంచి బడి వారీ లెక్కను దాటి విద్యార్థి వారీ లెక్కకు మారింది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2021 జూలైలో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ నిబంధనలను ప్రకటించింది. ‘ఒకే దేశం, ఒకే విద్యార్థి గుర్తింపు’ అన్న నినాదంతో 2023లో 12 అంకెల అపార్ సంఖ్య వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ ప్రవేశాలు 2020–21 నుంచి ఆన్‌లైన్ విధానంలోకి వెళ్లాయి. బోధన రుసుముల చెల్లింపు జ్ఞానభూమి పోర్టల్‌తో ముడిపడింది.

ఈ నిర్మాణాన్ని సమర్థించేవారు దానిని నిచ్చెనగా వర్ణిస్తారు. జి.మాడుగుల వంటి మండలం నుంచి చూసినప్పుడు అది నిచ్చెనా, గడియ వేసిన తలుపా అన్న ప్రశ్న తలెత్తుతుంది. అల్లూరి సీతారామరాజు జిల్లాలో పాడేరు, చింతపల్లి మండలాలకు ఆనుకొని ఉన్న ఈ కొండ మండలంలో భగత, కోందు, కొండదొర, వాల్మీకి, కోటియా తెగలవారు నివసిస్తున్నారు. ఇక్కడ తెలుగుతో పాటు కువి, ఆదివాసీ ఒడియా ఇంటిభాషలుగా వినిపిస్తాయి. పట్టా కావాలంటే ఇక్కడి విద్యార్థి పాడేరుకో, చింతపల్లికో, కొండ దిగి నర్సీపట్నానికో విశాఖపట్నానికో పోవాలి. ఆ దారిలో అతని జాడ తీసే దత్తాంశ నిధి అతనికి జవాబుదారీగా లేదన్నది ప్రస్తుత వ్యాసం వాదన. ఆ లోపం యంత్రానిది కాదు. ఎవరి పేరును సరైనదిగా ఎంచాలి, ఏ గడిని ఖాళీగా వదలాలి, ఏ సంఘటనను ఏ మాటతో పిలవాలి అన్న నిర్ణయాలది. ఆ నిర్ణయాలు ప్రధానంగా భాషకు సంబంధించినవి. కనుక ఈ విషయం సాంకేతిక నిపుణులకు మాత్రమే వదిలిపెట్టదగినది కాదు.

పేరు: మొదటి గడి

దత్తాంశ నిధిలో మొదటి గడి పేరు. అపార్ సంఖ్య పుట్టాలంటే బడి రికార్డులోని పేరు, పుట్టినతేదీ ఆధార్‌లోని వివరాలతో సరిపోవాలి. మైదానంలోనే చిక్కులు తెచ్చే ఈ షరతు మన్యంలో మరింత చిక్కుపడుతుంది.

ఈ ప్రాంతపు ఇంటిపేర్లలో అనేకం వంశచిహ్నాలు. కొర్రా సూర్యుడిని, కిల్లో పులిని, పాంగి గద్దను, వంతాల పామును, గొల్లోరి కోతిని సూచిస్తాయి. ఏ వంశంవారు ఏ వంశంతో వియ్యమందవచ్చునో, ఎవరు ఎవరికి అన్నదమ్ములవుతారో తేల్చేవి ఈ పేర్లే. అవి మొదట నోటిమాటలు. ఉపాధ్యాయుడు వాటిని తనకు వినిపించిన రీతిలో తెలుగులో రాశాడు. ఆధార్ కేంద్రంలోని ఉద్యోగి తనకు తోచిన రీతిలో రోమన్ లిపిలోకి మార్చాడు. ‘వంతాల’లోని తకారానికి ఒకచోట ‘టి’, మరొకచోట ‘టి, హెచ్’ పడతాయి. దీర్ఘానికి ఒకచోట ఒక ‘ఏ’, మరొకచోట రెండు. ‘కిల్లో’లోని ద్విత్వం ఒకచోట నిలుస్తుంది, మరొకచోట జారిపోతుంది. ఇంటిపేరు ఒక పత్రంలో పొడి అక్షరంగానూ మరొక పత్రంలో పూర్తిగానూ ఉంటుంది. మనిషి చదివితే ఇవన్నీ ఒకే పేరు. యంత్రం పోల్చితే నాలుగు పేర్లు, నలుగురు మనుషులు.

పుట్టినతేదీ సంగతి ఇంతకంటె క్లిష్టం. ఇంటివద్ద పుట్టి, జననం నమోదు కాని బిడ్డకు బడిలో పడిన తేదీ చాలాసార్లు పంతులు అంచనాయే. దానిని సరిదిద్దుకుందామంటే ఆధార్‌లో పుట్టినతేదీ మార్పు సాధారణంగా ఒక్కసారే, పేరు మార్పు రెండుసార్లే అనుమతిస్తారు. ఏడాది దాటిన జననాన్ని నమోదు చేయించాలంటే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. కొండమీది గూడెం నుంచి ఆ ఉత్తర్వు దాకా పోయే దారిలో ఎన్ని రోజుల కూలి పోతుందో లెక్కించే గడి ఏ నిధిలోనూ లేదు.

ఇక్కడ తిరగబడిన తర్కం ఒకటి ఉంది. తప్పు రాసినవారు ఒకరు, దిద్దుకోవలసినవారు మరొకరు. లేఖకుని పొరపాటుకు పేరుగలవాడు సాక్ష్యం చూపాలి. బిడ్డకు వయసు రుజువు లేదన్న కారణంతో ప్రవేశం నిరాకరించరాదని విద్యాహక్కు చట్టం 14వ సెక్షన్ 2009లోనే చెప్పింది. ఆధార్ లేని కారణంగా ఏ బిడ్డకూ పథకాల ప్రయోజనం నిరాకరించరాదని 2018 సెప్టెంబరు 26 నాటి తీర్పులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అపార్ సైతం తల్లిదండ్రుల అంగీకారంతో తీసుకొనే స్వచ్ఛంద సంఖ్యగానే కాగితం మీద ఉంది. అయితే తాను సంతకం చేసే పత్రం ఏ భాషలో ఉందో, ఎందుకు ఉందో తెలియని తల్లి వేసిన వేలిముద్రను అంగీకారమనడం ఆ మాటకే అన్యాయం.

గైర్హాజరు: కారణం లేని క్రియ

రెండవ గడి హాజరు. బోధన రుసుముల చెల్లింపుకు 75 శాతం హాజరు షరతు. దత్తాంశ నిధిలో దీనికి రెండే విలువలు: వచ్చాడు, రాలేదు. ఎందుకు రాలేదన్న ప్రశ్నకు అక్కడ చోటు లేదు.

మన్యపు పంచాంగం వేరు. నవంబరు నుంచి జనవరి వరకు కాఫీ పండ్ల కోత. పండిన పండు చెట్టున ఆగదు. కోత కాలంలో ఇంట్లో ప్రతి చేయీ తోటలో ఉండాలి. డిగ్రీ కళాశాలల్లో సెమిస్టరు పరీక్షలు సైతం సాధారణంగా అదే ఋతువును ఆనుకొని వస్తాయి. వానకాలంలో గెడ్డలు పొంగితే దారులు తెగుతాయి. జ్వరాల కాలంలో ఇల్లిల్లూ మంచం పడుతుంది. చైత్రంలో ఇటుకల పండుగకు ఊరు ఊరంతా పండుగలో ఉంటుంది. ఈ నాలుగు కారణాలు నాలుగు రకాల పరిష్కారాలను కోరతాయి. మొదటిదానికి పరీక్షల కాలం మార్చాలి, రెండవదానికి వంతెన కట్టాలి, మూడవదానికి వైద్యుడిని పంపాలి, నాలుగవదానికి సెలవు ప్రకటించాలి. నాలుగింటినీ ‘రాలేదు’ అన్న ఒక్క మాటలోకి కుదించిన లెక్క ఏ పరిష్కారాన్నీ చూపజాలదు. అది చూపగలిగేది శిక్ష ఒక్కటే: రుసుము ఆపివేయడం.

మరొక అసమానత ఇంతకంటె తీవ్రమైనది. విద్యార్థి రాని రోజు నమోదవుతుంది. అధ్యాపకుడు లేని సంవత్సరం ఆ విద్యార్థి ఖాతాలో నమోదు కాదు. 2022 డిసెంబరులో విశ్వవిద్యాలయ నిధుల సంఘం ప్రకటించిన చట్రం ప్రకారం ఒక క్రెడిట్ అంటే వారానికి ఒక గంట చొప్పున సెమిస్టరులో 15 గంటల బోధన. ప్రయోగశాల అయితే 30 గంటల పని. అంటే క్రెడిట్ ఇరుపక్షాల ఒప్పందం. విద్యార్థి వినాలి, సంస్థ బోధించాలి. 15 గంటలలో ఎన్ని గంటలు నిజంగా పాఠం జరిగిందన్న గడి లేనిచోట, తప్పిన విద్యార్థి పక్కన ‘అనుత్తీర్ణుడు’ అన్న మాట మాత్రమే మిగులుతుంది. ఒప్పందంలో ఒక పక్షాన్ని మాత్రమే తనిఖీ చేసే చిట్టా ప్రగతి పత్రం కాదు, బాకీల పుస్తకం.

నిష్క్రమణ: ఒక మాట చేసే మాయ

మూడవ గడి అన్నింటికంటె ప్రమాదకరమైనది. దానికి కారణం అందులో వాడే మాట. 2020 జాతీయ విద్యావిధానం డిగ్రీ చదువులో బహుళ ప్రవేశ నిష్క్రమణలను ప్రతిపాదించింది. ఆ తరువాతి చట్రంలో తొలి ఏడాది 40 క్రెడిట్లతో, నిర్దేశించిన వృత్తి శిక్షణతో వెళ్లిపోయినవారికి సర్టిఫికెట్, రెండేళ్లకు 80 క్రెడిట్లతో డిప్లొమా, మూడేళ్లకు 120తో డిగ్రీ, నాలుగేళ్లకు 160తో ఆనర్స్ లభిస్తాయి. సంపాదించిన క్రెడిట్లు గరిష్ఠంగా ఏడేళ్లు నిధిలో నిలుస్తాయి.

నగరంలో ఉద్యోగం దొరికి చదువు ఆపి, కొన్నేళ్లకు తిరిగివచ్చే విద్యార్థికి ఇది నిజంగా మేలు. అదే నియమం మన్యంలో ఏమవుతుందో తెలుసుకోవడానికి ఒక ఊహాత్మక ఉదాహరణ చాలు. కొండ దిగి పట్నంలో డిగ్రీ తొలి ఏడాది పూర్తిచేసిన ఒక గిరిజన యువతికి వసతిగృహంలో చోటు పోయింది, రుసుము రాలేదు, తండ్రి మంచాన పడ్డాడు. ఆమె ఇంటికి వెళ్లిపోయింది. నిన్నటి భాషలో ఆమె ‘చదువు మానేసింది’. ఆ మాటలో ఒక నింద ఉండేది. అది ఆమెను తాకినా, ప్రభుత్వాన్ని సైతం తాకేది. ఎందుకు మానేసిందని ఎవరో ఒకరు అడగవలసి వచ్చేది. నేటి భాషలో ఆమె ‘నిష్క్రమించింది’. చేతిలో సర్టిఫికెట్, ఖాతాలో 40 క్రెడిట్లు. లెక్క ముగిసింది, ప్రశ్న మాయమైంది. గెంటివేతను ఎంపికగా చూపే శక్తి ఈ ఒక్క సంస్కృత పదానికి ఉంది. ఏడేళ్ల గడువు తీరేసరికి ఆమె క్రెడిట్లకు కాలదోషం పడుతుంది. ఆ ఏడేళ్లలో తిరిగి రమ్మని ఆమె ఊరికి ఎవరైనా వచ్చారా అన్నది నమోదు చేసే బాధ్యత ఎవరిమీదా లేదు.

తెలిసిన మనిషి, తెలియని తెర

దత్తాంశ నిధి లేని కాలంలో విద్యార్థి జాడ ఎవరికి తెలిసేది? ఊరి పంతులుకు తెలిసేది. షెడ్యూల్డు ప్రాంతాల్లో ఉపాధ్యాయ నియామకాలన్నీ స్థానిక గిరిజనులకే దక్కాలని 2000 జనవరి 10న వెలువడిన 3వ నంబరు ఉత్తర్వు వెనుక ఉన్న ఆలోచనలో ఇదీ ఒక భాగం. బిడ్డ భాష తెలిసిన, బడిని విడిచి మైదానానికి పారిపోని ఉపాధ్యాయుడు కావాలి. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ ఉత్తర్వును కొట్టివేసింది. తీర్పులోని న్యాయసూత్రాల చర్చ ఈ వ్యాస పరిధికి మించినది. ఫలితం మాత్రం గమనార్హం. బిడ్డను పేరుతో ఎరిగిన మనిషికి ఉన్న హామీ తొలగిన కాలంలోనే, బిడ్డను సంఖ్యతో ఎరిగిన తెర గూడేనికి చేరింది. రెండవది మొదటిదానికి ప్రత్యామ్నాయం కాజాలదు.

మన్యానికి చిట్టాలు కొత్తవి కావు. 1882 మద్రాసు అటవీ చట్టం తరువాత పోడు కొండలు రిజర్వు అడవులుగా లెక్కకెక్కాయి. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ హయాంలో రహదారి పనికి మనుషులను పట్టి వెట్టి చేయించారు. 1922 ఆగస్టులో చింతపల్లి పోలీసు ఠాణాపై జరిగిన దాడికి ఆ వేదన ఒక నేపథ్యం. విద్యార్థి ప్రగతి పట్టికను వెట్టి లెక్కతో సమానం చేయడం అతిశయోక్తి. అయితే రాసేవాడొకడు, రాతకు లోబడేవాడొకడు అయిన లెక్కను ఇక్కడివారు అనుమానంతో చూస్తే, దానిని వెనుకబాటుతనం అనడం చరిత్ర తెలియనితనం.

ప్రతివాదాల పరిశీలన

దత్తాంశ నిధిని సమర్థించే వాదాలను తేలికగా కొట్టిపారేయరాదు. మొదటిది, కాగితం చినుగుతుంది, వానకు తడుస్తుంది, గుడిసెతో పాటు కాలిపోతుంది. డిజిలాకర్‌లోని మార్కుల పత్రం పోదు. ఇది నిజం. కొండ దిగిన విద్యార్థికి ఇది పెద్ద ఊరట. రెండవది, లేని విద్యార్థులను చూపి నిధులు కాజేసే మోసం తగ్గుతుంది. ఇదీ నిజం. మూడవది, జాడ తెలిస్తేనే సాయం అందుతుంది. ఇది సగం నిజం. జాడ తెలియడం వేరు, చేయి చాచడం వేరు. విద్యార్థి రాకపోవడం తెలిసిన మరుక్షణం పథకం ఆగిపోయే ఏర్పాటు సిద్ధంగా ఉండి, ఒక మనిషి బయలుదేరే ఏర్పాటు లేకపోతే, ఆ సమాచారం ఎవరి పక్షాన పనిచేస్తున్నదో వేరే చెప్పనక్కరలేదు.

కనుక వివాదం నిధి ఉండాలా వద్దా అన్నది కాదు. అది ఎవరికి జవాబు చెప్పాలన్నది.

ఉపసంహారం

ఈ వాదన నుంచి తేలే విధులు ఐదు. మొదటిది, విద్యార్థి ఇంటివారు పలికే రూపంలో తెలుగు లిపిలో రాసిన పేరే మూలమనీ, రోమన్ రూపం దాని నకలేననీ గుర్తించాలి. అక్షరభేదం కారణంగా ప్రవేశం, పరీక్ష, వసతి, రుసుము ఏదీ ఆగకూడదు. రెండవది, తప్పును దిద్దే అధికారం గూడేనికి దగ్గరలోని గ్రామ సచివాలయం దాకా రావాలి, దిద్దే భారం రాసిన కార్యాలయంపై ఉండాలి. మూడవది, ప్రతి గైర్హాజరుకు పక్కన కారణం గడి, ప్రతి క్రెడిట్‌కు పక్కన జరిగిన బోధన గంటల గడి ఉండాలి. నాలుగవది, విద్యార్థి స్వయంగా చెప్పిన మాట, దానికి సాక్షిగా ఒక అధ్యాపకుని సంతకం లేకుండా ఎవరినీ ‘నిష్క్రమించినవారి’ జాబితాలో చేర్చరాదు. ఐదవది, సెమిస్టరు ముగిసిన ప్రతిసారి తన ఖాతాలో ఏముందో తెలుగులో అచ్చువేసిన కాగితం విద్యార్థి చేతికి అందాలి. తన సమాచారాన్ని చూసే, సరిదిద్దించుకునే హక్కును 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత దత్తాంశ రక్షణ చట్టం 11, 12 సెక్షన్లు పేర్కొంటున్నాయి. చదవలేని భాషలో, సంకేతం అందని కొండమీద ఆ హక్కు ఉన్నా లేనట్లే.

ఈ ఐదింటిలో ఏదీ కొత్త యంత్రాన్ని కోరదు. కొన్ని గడులు చేర్చాలి, కొన్ని మాటలు మార్చాలి, ఒక దిశ తిప్పాలి. ఆ పని జరగనంతకాలం జి.మాడుగుల విద్యార్థి ఎక్కడ ఆగిపోయాడో నిధికి తెలుస్తూనే ఉంటుంది. ఎవరు ఆపారో మాత్రం తెలియదు.