గ్లారుస్ పట్టణమున ఒక ఆదివారము

ఐరోపాఖండమునకు పోయివచ్చిన మనవారు సాధారణముగా తెచ్చుకొనునవి రెండు: ఛాయాపటములు, నిట్టూర్పులు. అచ్చటి వీథుల శుభ్రతను, రైళ్లు వేళకు వచ్చుటను పొగడి, పిదప మనదేశమును తలచుకొని నిట్టూర్తురు. మేమును గత మే మాసమున స్విట్జర్లండునకు పోయితిమి గాని, మంచుకొండలను వర్ణించి పాఠకులను విసిగింపబోము. ఆ నెల మొదటి ఆదివారమున గ్లారుస్ అను చిన్నపట్టణమున, విశ్రాంతి పుచ్చుకొనిన యొక ఉపాధ్యాయుని కుటుంబముతో గడపిన దినమును గూర్చియే వ్రాసెదము. ఆనాడు మేము చూచినది మన పంచాయతులకు మిక్కిలి అవసరమైన సంగతియని మా యభిప్రాయము.

జూరిచ్ నగరమునుండి రైలులో రమారమి గంట ప్రయాణము. లింత్ నది లోయలో, నిట్టనిలువుగా లేచిన కొండల నడుమ ఈ పట్టణమున్నది. దీని పేరనే పరగు రాష్ట్రమునందలి జనసంఖ్య నలువదివేలకు కొంచెము మించినది. మన తాలూకాలు పెక్కు దీనికంటె పెద్దవి. అయినను దీనికి స్వంత శాసనములు, స్వంత న్యాయస్థానములు, స్వంత పన్నులు కలవు. ప్రతినిధిసభ యొకటి యున్నది గాని అది విషయములను విచారించి సిద్ధపరచునంతమట్టుకే, చివరిమాట ప్రజలది. ఏటేట మే నెల మొదటి ఆదివారమున ఓటర్లు బయలునందు కూడి, చేతులెత్తి, శాసనములను చేయుదురు, పన్నురేటును నిర్ణయింతురు. ఈ సభను లాండ్స్‌గెమైండె అందురు. ఇది 1387వ సంవత్సరమునుండి వచ్చుచున్న ఆచారము. ఒకప్పుడు పలు స్విస్ రాష్ట్రములయందుండిన ఇట్టి సభలు నేడు ఇచ్చటను, ఆపెంజెల్ ఇన్నర్‌రోడెన్‌నందును మాత్రమే మిగిలియున్నవి.

ప్రొద్దుట ఫలహారమునకు రొట్టె, వెన్న, ఆకుపచ్చని యొక జున్ను పెట్టిరి. అందు మెంతికి దాయాదియగు నొక మూలికను కలుపుదురట. వాసన తగులగనే మాకు ఇంటి పోపులపెట్టె జ్ఞప్తికి వచ్చినది. ఈ జున్నును గూర్చి ప్రజాసభ 1463లోనే శాసనము చేసినదని పెద్దాయన గర్వముతో చెప్పెను. కాని మా దృష్టి జున్నుపై నిలువలేదు. బల్లమీద మెమోరియల్ అను నొక అచ్చుపుస్తకముండెను. సభకు రానున్న ప్రతి తీర్మానమును, దానికి కారణములను, రాష్ట్రపు జమాఖర్చులను అందు ముద్రించి, కొన్ని వారములకు ముందే ఇంటింటికి పంపుదురు. పెద్దాయన పుటల యంచులందు పెన్సిలుతో గీతలు గీసియుండెను. పదునారేండ్ల మనుమరాలు అదే పుస్తకమున ఎఱ్ఱసిరాతో గీసియుండెను. ఇరువురి గీతలు అన్నిచోట్ల కలియలేదు. ఆ బాలిక మొదటిసారి సభకు పోవుచున్నది. ఓటుహక్కు వయస్సును పదునారేండ్లకు తగ్గించినది 2007నాటి సభయే.

తొమ్మిదిన్నరకు సభ ప్రారంభమయ్యెను. కొయ్యబల్లలతో వలయాకారముగ మెట్లు కట్టియున్నవి. నడుమ వేదికపై అధ్యక్షుడు ఖడ్గముపై చేతులానించి నిలువబడెను. వేదికచెంత పిల్లలు కూర్చుండి వినుచుండిరి. విదేశీయులమగుటచే మేము వలయమునకు వెలుపల నిలిచితిమి. ఓటరగు నెవ్వడైనను వేదికనెక్కి తీర్మానమును సవరింపుమని కోరవచ్చును. రంగుకాగితములు పట్టిన చేతులు లేచును; అధ్యక్షుడు కంటితో అంచనా వేసి ఫలితము చెప్పును; ఆ మాటకు తిరుగులేదు. ఈ సవరణహక్కు అలంకారము కాదు. 2006లో రాష్ట్రమునందలి 25 పురపాలక గ్రామములను పదిగా కలుపవలెనని ప్రభుత్వము కోరగా, ఓటరొకడు మూడే చాలుననెను. సభ ఆతని మాటనే అంగీకరించినది. 2011నుండి మూడే యున్నవి.

ఇక మా సందేహములు. ఇరుగుపొరుగువారు చూచుచుండగా ఎత్తిన చెయ్యి నిజముగా స్వతంత్రమైనదేనా? మన పల్లెలలో అప్పిచ్చినవాడు, కూలియిచ్చువాడు, కులపెద్ద ఎదుట నిలువగా పేదవాని చెయ్యి ఎటు లేచునో వేరుగ చెప్పనక్కరలేదు. గ్లారుస్‌వారును ప్రభుత్వసభ్యులను రహస్యపుచీటీలతోనే ఎన్నుకొందురు. న్యాయమూర్తులను మాత్రము చేతులెత్తి ఎన్నుకొనుట న్యాయవాదులమైన మాకు బొత్తిగా నచ్చలేదు. స్త్రీలకు ఈ సభయందు చోటు దొరికినది 1971లో! ప్రజలు కూడినంతమాత్రమున ధర్మము కూడదు. అయినను 1864లో, మిల్లుయజమానులును కూలివాండ్రును ఒకే బయలున నిలిచి, పనిదినము పండ్రెండు గంటలకు మించరాదనియు, రాత్రిపని కూడదనియు శాసించినదియు ఈ సభయే.

మధ్యాహ్నము అందరును తెల్లని దూడమాంసపు సాసేజి తినుట ఆనాటి ఆచారము. శాకాహారులమగుట మేము ఆలుగడ్డముద్దతోను, ఆల్‌బుఖారా పండ్లతోను తృప్తిపడితిమి. ఒక తీర్మానముపై తాత ఓడెను, మనుమరాలు గెలిచెను. భోజనమంతయు ఆ వాదమే. తరువాత సమీపమందలి ఎన్నెండాకు నడచి, పూర్వము అద్దకపు బట్టలను ఆరవేసిన యెత్తైన కొయ్యగోపురమును చూచితిమి. ఐరోపావారు హిందూదేశపు అద్దకమును చూచి నేర్చిన విద్యయే యిది. ఆ సరకులో మన మచిలీపట్టణపు బట్టలును ఉండెను. 1782లో మంత్రగత్తెయని ఇచ్చట శిరచ్ఛేదము చేయబడిన ఆన్నా గోల్డి అను దాసి స్మారకశాల ఇప్పుడా గోపురముననే కలదు. ఆమె నిరపరాధియని ఈ రాష్ట్రము 2008లో ఒప్పుకొన్నది.

మన గ్రామసభకు 73వ సవరణచే రాజ్యాంగమునందే స్థానము కలదు. అది 1993 ఏప్రిలు 24నుండి అమలులోనున్నది. గ్రామపు ఓటర్ల జాబితాలోని ప్రతివ్యక్తియు అందు సభ్యుడే. కాని మేమెరిగిన యొక గ్రామమున సభ జరుగకుండగనే హాజరుపుస్తకమును ఇంటింటికి త్రిప్పి, సంతకములు, వేలిముద్రలు పెట్టించుకొనుటను కన్నులార చూచితిమి. పుస్తకము అచ్చటను ఇంటింటికి పోవును, ఇచ్చటను పోవును. అచ్చట చదువుటకు పోవును. మా కోరిక పెద్దది కాదు. చేతులెత్తుటను ఇప్పుడే అనుకరింపనక్కరలేదు. పంచాయతి జమాఖర్చులను, రానున్న తీర్మానములను తేటతెలుగున ముద్రించి, సభకు మూడువారములు ముందుగ ప్రతియింటికిని, పఠనమందిరములకును పంపవలెను. చదువురానివారికి రచ్చబండకడ చదివి వినిపింపవలెను. అచ్చుకూలి లేదను అధికారులు, స్వాగతతోరణముల ఖర్చు చూపింతురుగాక.

సాయంత్రము స్టేషనులో పెద్దాయన మీ యూర నిట్టి సభ కలదాయని అడిగెను. మేము ఉత్సాహముతో రాజ్యాంగపు 243వ అధికరణమును వివరించితిమి. ఆయన శ్రద్ధగా విని, "కడపటిసారి మీరు ఏ విషయముపై మాటలాడితిరి?" అనెను. రైలు వచ్చుచున్నదని చెప్పి మేము పెట్టె చేతబట్టుకొంటిమి.